అనుమతి కాగితం మీద... పంది చేలో!

మొక్కజొన్న కంకిలో గింజ పాలు పోసుకుంటోందంటే చాలు, అడవి అంచు గ్రామాల్లో రైతుకు కంటి మీద కునుకు ఉండదు. ఊరు సద్దుమణిగాక పందుల మంద చేలోకి దిగుతుంది. నిలిచి ఉన్న కర్రను ఒంటితో నెట్టి పడేసి, కంకిని సగం నమిలి వదిలేసి, పక్క కర్ర మీదికి పోతుంది. తిన్నదాని కంటే తొక్కిందే ఎక్కువ. వేరుశనగకైతే రెండు గండాలు. విత్తిన కొద్ది రోజులకే సాళ్ల వెంట మూతితో పెళ్లగించి విత్తనం ఏరుకు తింటాయి. ఊడలు దిగి కాయ ఊరాక మళ్లీ వస్తాయి. తెల్లారి చూస్తే నాగలి పెట్టి దున్నినట్టు ఉంటుంది చేను. కౌలు రైతుకు ఆ రాత్రి పోయేది పంట ఒక్కటే కాదు, వడ్డీకి తెచ్చిన పెట్టుబడి కూడా.

అలాంటి రైతుకు చట్టం ఒక దారి చూపిస్తోంది. దరఖాస్తు పెట్టుకుంటే, అధీకృత అధికారి అనుమతిస్తే, లైసెన్సు ఉన్న షూటర్ వచ్చి ఆ పందులను కాల్చవచ్చు. చట్టం నిషేధించిన దారి ఇంకొకటి ఉంది. స్తంభం మీది లైనుకు కొక్కెం తగిలించి, చేను చుట్టూ మోకాలి కిందుగా జీఐ తీగ లాగడం. మొదటిది చేను దాకా రావడమే గగనం. రెండోది సాయంత్రం పూట ఒక్క మనిషి చేసుకోగలిగే పని. తెలుగు రాష్ట్రాల్లో అడవి పంది సమస్య ఇంతగా ముదరడానికి ఈ తేడాయే కారణం. అనుమతి ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వం పని అయిపోదు. తుపాకి ఎవరు పట్టాలి, ఎన్ని గంటల్లో చేను చేరాలి, ఏ పందిని కాల్చాలి, కాల్చాక కళేబరాన్ని ఏం చేయాలి అన్నదంతా ప్రభుత్వమే నెత్తిన వేసుకోవాలి. అది చేయనంత కాలం రైతు తీగనే నమ్ముకుంటాడు.

తీగకు కళ్లు లేవు

కరెంటు తీగ పందినే చంపుతుందన్న హామీ లేదు. తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్లిన పక్క చేను రైతు, మేకల వెంట నడిచిన కాపరి, తాను పెట్టిన తీగను తానే మరిచిపోయి చీకట్లో అడుగు వేసిన రైతు దానికి బలవుతూనే ఉన్నారు. పొలం గట్టు మీద శవం కనిపించాక విద్యుత్ చౌర్యం కేసుతో పాటు మనిషి ప్రాణం తీసిన కేసూ నమోదవుతుంది. పంట కాపాడుకోవాలనుకున్న రైతు జైలుకు, పక్కింటి రైతు శ్మశానానికి పోతే రెండు కుటుంబాలు వీధిన పడతాయి. ఊళ్లో తరాలపాటు చల్లారని పగ మిగులుతుంది.

అదే తీగ అడవికీ మృత్యుపాశం. 2025 మేలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట అటవీ ప్రాంతంలో కరెంటు తీగ తగిలి ఒక ఆడపులి చనిపోయింది. మహారాష్ట్రలోని తడోబా వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చే పులులకు కాగజ్‌నగర్ అడవులే తొలి మజిలీ. వాటికి నీడ, నీరు, తిండి సమకూర్చడానికి అటవీ సిబ్బంది ఏళ్ల తరబడి పడిన శ్రమను ఒక్క రాత్రి, ఒక్క తీగ తుడిచిపెట్టేస్తుంది.

నాటు బాంబుల కథ ఇంతకంటే ఘోరం. తిండి పదార్థంలో మందుగుండు చుట్టి చేను అంచున వదిలితే, పంది కొరకగానే పేలుతుంది. కానీ మేతకు వెళ్లిన ఆవూ కొరుకుతుంది, కుక్కా కొరుకుతుంది. దవడ ఎగిరిపోయిన పశువు రోజుల తరబడి తిండీ నీళ్లూ ముట్టలేక చనిపోతుంది. కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో చూడితో ఉన్న ఏనుగు ఇలాంటి పేలుడుకే నోరు ఛిద్రమై, 2020 మే 27న వెళ్లియార్ నదిలో నిలబడే ప్రాణం విడిచింది. దేశం మొత్తం ఆ ఏనుగు కోసం కన్నీరు పెట్టింది. పంట కాపలాకు సరైన ఏర్పాటు లేని చోట అలాంటి పేలుళ్లు ఆగవన్న సంగతి మాత్రం ఆ కన్నీళ్లలో కొట్టుకుపోయింది.

చట్టం చేతులు కట్టేయలేదు

పందిని ముట్టుకుంటే జైలేనన్న భయం పల్లెల్లో ఉంది. అనుమతి లేకుండా చంపితే అది నిజమే. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రైతును పూర్తిగా గాలికి వదిలేయలేదు. 2022 సవరణ తర్వాత, అంటే 2023 ఏప్రిల్ 1 నుంచి, అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. అంతకుముందు మూడో షెడ్యూలులో ఉండేది. రెండో షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి గానీ ఆస్తికి గానీ ముప్పుగా మారితే, దానిని చంపడానికి రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చని సెక్షన్ 11(1)(బి) చెబుతోంది. ఆస్తి అన్నప్పుడు చేలో నిలిచిన పంట కూడా అందులోకి వస్తుందని అక్కడే స్పష్టంగా రాసి ఉంది.

దీనికి భిన్నమైనది సెక్షన్ 62. దాని కింద కేంద్ర ప్రభుత్వం ఒక జంతువును ఫలానా ప్రాంతంలో, ఫలానా కాలానికి హానికర జంతువుగా ప్రకటించగలదు. అప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. బిహార్, ఉత్తరాఖండ్‌లలో కొన్ని జిల్లాలకు 2015, 2016లలో కేంద్రం అడవి పంది విషయంలో ఇలాంటి ప్రకటనలే చేసింది. ఇలాంటి ప్రకటన కిందే 2016 జూన్‌లో బిహార్‌లోని మొకామాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లు రెండు వందలకు పైగా మనుబోతులను కాల్చిన తర్వాత, కేంద్ర మంత్రివర్గంలోనే మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ బాహాటంగా విభేదించుకున్నారు. కేరళ తన అడవి పందులకు అదే ముద్ర వేయాలని పదే పదే కోరినా కేంద్రం ఒప్పుకోలేదు.

హానికర జంతువన్న ముద్ర రైతుకు ఊరటగా కనిపించవచ్చు. నిజానికి అది ప్రభుత్వం చేతులు దులుపుకోవడమే. ఎవరు చంపారో, ఎలా చంపారో, ఎన్ని చంపారో లెక్క అడిగే నాథుడు ఉండడు. ఉచ్చుకు, బాంబుకు, తీగకు అడ్డుచెప్పే గొంతు బలహీనపడుతుంది. పంట ఉన్నా లేకున్నా మాంసం కోసం వేట సాగుతుంది. అందుకే అనుమతి, లెక్క, జవాబుదారీ ఉన్న సెక్షన్ 11 దారే మేలు. 2022 మేలో కేరళ ఎంచుకున్నది దాదాపు ఈ దారినే. పంచాయతీ, పురపాలక సంఘాల అధ్యక్షులకు గౌరవ వన్యప్రాణి వార్డెన్ల హోదా ఇచ్చి, లైసెన్సు తుపాకులు ఉన్నవారితో పందులను కాల్పించే అధికారం కట్టబెట్టింది. విషం, పేలుడు పదార్థాలు, కరెంటు వాడకూడదని షరతు పెట్టింది. రైతుకు రాజధాని కంటే పంచాయతీ ఆఫీసు దగ్గర. నిర్ణయం దగ్గరికి వచ్చింది. కానీ కాల్చే మనిషి దొరకని ఊళ్లలో ఆ అధికారం ఉన్నా లేనట్టే అయింది.

రైఫిల్ పట్టగానే సరిపోదు

తెలంగాణలోనూ అనుమతి పొందిన షూటర్లతో పందులను కాల్పించే పద్ధతి ఉంది. చిక్కల్లా ఆచరణలో. నష్టపోయిన రైతు బీట్ అధికారికి చెప్పాలి, ఆయన వచ్చి చూడాలి, ఫైలు పైకి వెళ్లాలి, అనుమతి కిందికి రావాలి, పట్నంలో ఉన్న షూటర్‌కు తీరిక దొరకాలి. కంకి పాలు పోసుకునే దశ అంతవరకు ఆగదు. పైగా ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు తుపాకులు చాలావరకు పోలీసు స్టేషన్‌లో జమ చేయాల్సి వస్తుంది. పందులకు కోడ్ తెలియదు. ఆయుధాల చట్టంలో పంట రక్షణకు లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉన్నా, సన్నకారు రైతుకు ఆ లైసెన్సు, ఆ తుపాకి రెండూ అందనివే.

తుపాకి రాగానే పని అయిపోతుందనుకోవడమూ పొరపాటే. పన్నెండు బోరు తుపాకితో చిన్న రవ్వలు పేలిస్తే పంది చావదు, గాయపడుతుంది. పెద్ద మగ పందికి భుజాల మీద చర్మం కింద మందమైన గట్టి పొర ఉంటుంది. బురదలో పొర్లి పొర్లి పైన మట్టి అట్ట కట్టి ఉంటుంది. ముందు కాలి వెనక, ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోట ఒక్క తూటా దిగితే కొద్ది అడుగుల్లో కూలిపోతుంది. నాలుగు అంగుళాలు వెనక్కి తగిలితే పేగులు చీలి, పొదల్లోకి పోయి, గంటల తరబడి నరకం అనుభవిస్తుంది. తెల్లారి ఆ పొద పక్కన కలుపు తీయడానికి దిగిన కూలీల మీద ఆ గాయపడ్డ పందే దూకుతుంది. రైఫిల్‌కు గురి, దూరం, తాకిడి శక్తి ఎక్కువ కాబట్టి ఒక్క దెబ్బతో ముగించే అవకాశమూ ఎక్కువే.

అయితే ఆ శక్తే ప్రమాదం కూడా. రైఫిల్ తూటా గురి తప్పితే కిలోమీటర్లు పోతుంది. మన పొలాలు జనం లేని మైదానాలు కావు. పక్క చేలో మంచె మీద ఇంకో రైతు కాపలా ఉంటాడు, కల్లంలో ఎవరో పడుకుని ఉంటారు, కాలువ గట్టున నీళ్లు కట్టే మనిషి తిరుగుతుంటాడు. అందుకే అనుభవం ఉన్న షూటర్ పందిని చూసే ముందు పంది వెనక ఏముందో చూస్తాడు. పగటిపూటే చేను తిరిగి, ఎటు కాల్చవచ్చో, ఎటు కాల్చకూడదో గుర్తు పెట్టుకుంటాడు. మంచె ఎక్కి కిందికి కాలిస్తే తూటా నేలలో దిగబడుతుంది. గట్టు మీద, ఆకాశం నేపథ్యంగా నిలబడ్డ పందిని ఎంత చక్కగా దొరికినా వదిలేస్తాడు. కదిలిన నీడ పందో మనిషో తేలేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టడు. ఈ క్రమశిక్షణ లైసెన్సు కాగితంతో రాదు. శిక్షణతో, పరీక్షతో, తప్పు జరిగితే జవాబు చెప్పాల్సి వస్తుందన్న ఎరుకతో వస్తుంది.

మంద చెదిరితే మొదటికే మోసం

కాల్చిన ప్రతి పందీ తగ్గిన పందేనా? కాదని చెప్పడానికి అమెరికా అనుభవం చాలు. అక్కడ పంది స్థానిక జంతువు కాదు, వలస వచ్చిన వాళ్లు తెచ్చి వదిలిన జాతి. కాబట్టి దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలన్నదే వాళ్ల ఆలోచన. టెక్సస్ 2011లో హెలికాప్టర్ల నుంచి కాల్చడానికి కూడా తలుపులు తెరిచింది. అయినా పందులు లక్షల్లోనే ఉన్నాయి. టెనెసీ 1999లో రాష్ట్రమంతటా పంది వేటకు గేట్లెత్తింది. అంతకుముందు కొద్ది కౌంటీలకే పరిమితమైన పందులు రాష్ట్రంలో అత్యధిక భాగానికి పాకాయి. వేట సరదా మరిగిన వాళ్లే పందులను లారీల్లో తెచ్చి కొత్త చోట్ల వదిలారు. 2011లో టెనెసీ విధానం మార్చుకుంది. మిస్సోరి 2016లో ఇంకో అడుగు వేసి, తన సంరక్షణ భూముల్లో పంది వేటనే నిషేధించింది. కనిపిస్తే కాల్చకండి, మాకు చెప్పండి అంది. కారణం సూటిగా ఉంది. మందలో ఒకటో రెండో కూలితే మిగిలినవి చెదిరి, తెలివిమీరి, కొత్త ఊళ్ల మీద పడతాయి. మందను మొత్తంగా దొడ్డిలోకి రప్పించి పట్టగలిగితేనే ఫలితం.

పంది పునరుత్పత్తి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఆడ పంది చూడి దాదాపు నాలుగు నెలలే. ఈతకు నాలుగైదు పిల్లలు మామూలు. తల్లులు, పిల్లలు కలిసి మందగా తిరుగుతాయి. పెద్ద మగ పంది ఒంటరిగా తిరుగుతుంది. షూటర్ కంటికి ఆనేది, ఫొటోకు పనికొచ్చేది ఆ మగ పందే. కానీ అది పోయినంత మాత్రాన వచ్చే ఏడాది పుట్టే పిల్లల సంఖ్య తగ్గదు. చేనుకు నష్టం చేస్తున్న మంద ఏదో గుర్తించి, దానిమీద పని చేయాలి. పాలిచ్చే తల్లిని చంపి పిల్లలను ఆకలికి వదిలేయడం క్రూరత్వం. అలాంటి కాల్పులకు అనుమతిలోనే అడ్డుకట్ట ఉండాలి.

మన దగ్గర పంది పరాయిది కాదు. నల్లమలలో, కవ్వాల్‌లో పులికి, చిరుతకు, రేచుకుక్కకు అది ఆహారం. పులుల అభయారణ్యం అంచున పందులను ఊడ్చేస్తే ఆకలిగొన్న చిరుత పశువుల కొట్టం వెతుక్కుంటుంది. అందుకే అభయారణ్యం పక్క ఊరికి, అడవికి దూరంగా ఉన్న ఊరికి ఒకే మంత్రం పనిచేయదు. ఇప్పుడు చాలా పందులకు అడవితో సంబంధమే లేదు. ఎండిన చెరువు శిఖంలో పెరిగిన సర్కారు తుమ్మ, ఊరి గుట్ట మీది పొదలు, చెరకు తోటలే వాటి ఇల్లు. అక్కడ పులి లేదు, తోడేళ్లూ కనుమరుగయ్యాయి. చుట్టూ ఎటు చూసినా మొక్కజొన్న. తిండి మనం పెట్టి, శత్రువును మనం తరిమేసి, సంఖ్య పెరిగిందని ఆశ్చర్యపోవడంలో అర్థం లేదు. ఇలాంటి చోట్ల నియంత్రిత కాల్పులకు, మందలను దొడ్లలో పట్టడానికి అనుమతులు ఉదారంగానే ఉండాలి. చెరువుల్లో తుమ్మ తొలగించే పనిని ఉపాధి పనులతో కలిపి చేయాలి.

కంచె, బీమా కూడా కావాలి

తుపాకి చివరి ఆయుధమే కావాలి. సోలార్ కంచెలో ప్రవహించేది లైను కరెంటు కాదు. క్షణానికోసారి, క్షణంలో అతి స్వల్ప భాగం పాటు వచ్చే అధిక వోల్టేజీ పోటు అది. తగిలితే పంది గావుకేక పెట్టి పారిపోతుంది, చావదు. మనిషి తగిలినా మామూలుగా ప్రాణం పోదు. కింది తీగ నేలకు దగ్గరగా ఉండాలి, గడ్డి తగలకుండా కోస్తూ ఉండాలి. ఆ రెండూ చేయకపోతే కంచె పెట్టీ ప్రయోజనం లేదు. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ నాలుగైదు వరుసలు వేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఇవి ఒంటరి రైతు చేస్తే పంది పక్క చేలోకి పోతుంది. పది మంది కలిసి ఒక కంచె వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఊరి చుట్టూ గోడ నిలుస్తుంది. రాయితీలు కూడా ఒక్కో రైతుకు కాకుండా పక్కపక్క చేల రైతుల బృందాలకు ఇవ్వాలి.

ఫసల్ బీమాలో అడవి జంతువుల దాడి వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. మంచి నిర్ణయం. అయితే 72 గంటల్లోగా యాప్‌లో ఫొటోలతో సహా నష్టం నమోదు చేయాలన్న నిబంధన ఉంది. స్మార్ట్‌ఫోన్ లేని, పేరు మీద పట్టా లేని కౌలు రైతు దాన్ని ఎలా అందుకోగలడు? పథకంలో చేరిన రాష్ట్రం ఏదైనా ఆ నమోదు పనిని గ్రామస్థాయి వ్యవసాయ సిబ్బందికే అప్పగించాలి.

చేయాల్సిన పనులు

మండల స్థాయిలో అటవీ సిబ్బంది, మాజీ సైనికులు, పరీక్షలో నెగ్గిన లైసెన్సుదారులతో శాశ్వత షూటింగ్ దళాలు ఏర్పాటు చేయాలి. ఏటా గురి పరీక్ష తప్పనిసరి చేయాలి. వారికి గౌరవ వేతనం, ప్రమాద బీమా ఇవ్వాలి. ఫిర్యాదు అందిన మర్నాటికల్లా కాల్చాలో వద్దో తేల్చే అధికారం రేంజ్ స్థాయిలోనే ఉండాలి. అనుమతి పత్రంలో చేను సర్వే నంబరు, గడువు, ఎన్ని పందులో స్పష్టంగా రాయాలి. కాల్పుల రాత్రి దండోరా వేసి చుట్టుపక్కల చేలు ఖాళీ చేయించాలి. ఎన్నికల కోడ్ సమయంలో ఈ దళాల తుపాకులకు ముందే మినహాయింపు తీసుకోవాలి.

చంపిన జంతువు చట్ట ప్రకారం ప్రభుత్వ ఆస్తి. పంచనామా చేసి, పశువైద్యుడి సమక్షంలో లోతుగా పాతిపెట్టాలి. 2020లో ఈశాన్య రాష్ట్రాల ద్వారా దేశంలోకి వచ్చిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనుషులకు సోకదు గానీ, పందుల పెంపకం మీద బతికే కుటుంబాలను కూల్చేస్తుంది. కాబట్టి కళేబరం నమూనా పరీక్షకు వెళ్లాలి. ఆ మాంసానికి ధర కట్టిన రోజు, పంట రక్షణ పోయి వ్యాపారం వచ్చి కూర్చుంటుంది. జిల్లాల వారీగా ఎన్ని ఫిర్యాదులు, ఎన్ని అనుమతులు, ఎన్ని పందులు, కరెంటు తీగలకు ఎన్ని ప్రాణాలు అన్న లెక్కలు ఏటా ప్రజల ముందు పెట్టాలి. పందులను కాల్చిన ఊళ్లో మరుసటి ఏడాది పంట నష్టం తగ్గిందా లేదా అన్నదే ఈ కార్యక్రమానికి గీటురాయి.

జంతు ప్రేమికుల ఆవేదనను తోసిపుచ్చలేం. ఏ ప్రాణినైనా చంపడం చివరి మార్గమే కావాలన్న వారి మాట న్యాయమైనది. మరోవైపు, అడవి జంతువుల భారమంతా పేద రైతు మీద మోపి నగరాలు నీతులు చెప్పకూడదని పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ వంటివారు చేసిన వాదనలోనూ న్యాయం ఉంది. ఈ రెండు న్యాయాలూ కలిసేది ఒక్కచోటే. శిక్షణ పొందిన చేతిలో, లెక్క చెప్పాల్సిన తుపాకి నుంచి, అవసరమైన చోట వచ్చే ఒక్క తూటా దగ్గర. అడవి పంది మీద హక్కు తనదేనని చట్టం రాసుకున్న ప్రభుత్వం, ఆ పంది చేలోకి దిగిన రాత్రి కూడా అది తనదేనని ఒప్పుకోవాలి. వచ్చే ఖరీఫ్ విత్తనాలకు ముందే దళాలు సిద్ధం చేయాలి. ఆలస్యమైన ప్రతి పంట కాలానికీ ధర ఉంది. ఆ ధర పంటతోనే ఆగడం లేదు, ప్రాణాల దాకా పోతోంది.